అల్లుడూ, ధార మీద కన్నేసి ఉంచు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు కొన్న బోటు మోటారు వేడెక్కిపోతోందని, రెండు రోజులుగా నువ్వు సరిగా అన్నం కూడా తినడం లేదని చెప్పింది. తర్వాత నీతో మాట్లాడాను కానీ సముద్రపు గాలికో ఏమో సగం మాటలు వినపడలేదు. అందుకే కాగితం తీసుకున్నాను. రాసింది ఉంటే మోటారు పక్కనే పెట్టుకుని ఒక్కొక్కటీ చూసుకోవచ్చు.

నువ్వు చెప్పినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. 40 హార్స్‌పవర్ మోటారు, రెండు స్ట్రోకులది, ఇంతకుముందు ఎవరో నాలుగైదేళ్ళు వాడింది. భైరవపాలెం రేవులోంచి మెల్లగా వెళ్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వచ్చి జోరు పెంచితే పది నిమిషాలకే మోటారు పక్కన కారే నీళ్ళ ధార సన్నబడుతోంది. మూత ఎత్తితే చేయి పెట్టలేనంత వేడి. అమ్మినాయన మాత్రం పాత మోటార్లన్నీ అంతేనని చెప్పి పంపేశాడు. అది నమ్మకు. పాతదైనా కొత్తదైనా నీళ్ళు సరిగా అందితే మోటారు వేడెక్కదు. వేడెక్కుతోందంటే నీళ్ళ దారిలో ఎక్కడో అడ్డు ఉంది. ఆ అడ్డు ఎక్కడుందో కనిపెట్టేదాకా మోటారు మొగ దాటించకు. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకో.

ముందు నీళ్ళ దారి తెలుసుకో. కారుకి ముందు రేడియేటర్ ఉంటుంది, మన మోటారుకి గోదారే రేడియేటర్. ప్రొపెల్లర్‌కి కాస్త పైన గేర్ బాక్స్ పక్కల జల్లెడలాంటి సన్న చీలికలు ఉంటాయి, నీళ్ళు లోపలికి వెళ్ళేది అక్కడే. ఆ పైనే వాటర్ పంపు. దాని లోపల రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది, దాన్ని ఇంపెల్లర్ అంటాం. ఇంజను నుంచి కిందికి దిగే షాఫ్టే దాన్ని తిప్పుతుంది. అది కూర్చున్న స్టీలు గిన్నెకి సరిగ్గా నడిమధ్యలో ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. అందువల్ల తిరిగేటప్పుడు ఒక పక్క రెక్కలు ముడుచుకుంటాయి, రెండో పక్క విచ్చుకుంటాయి. విచ్చుకునే చోట నీళ్ళు పీలుస్తుంది, ముడుచుకునే చోట పైకి తోస్తుంది. అక్కడినుంచి సన్న గొట్టంలో నీళ్ళు పైకెక్కి, సిలిండర్ల చుట్టూ తిరిగి, సిలిండర్ల మూత, అదే హెడ్, దగ్గర నీళ్ళు వేడెక్కాక తెరుచుకునే థర్మోస్టాట్ దాటి, పొగతో కలిసి మళ్ళీ కిందికి ఏట్లోకే దిగిపోతాయి. ఆ నీళ్ళలో కొంచెం మన కళ్ళ కోసమని పక్క రంధ్రంలోంచి బయటికి వస్తుంది. అదే ధార.

ఈ దారి ఎందుకు ఇంత వివరంగా రాశానంటే, వెతకడం కూడా ఇదే వరసలో వెతకాలి. నీళ్ళు ఎక్కే దారినే నువ్వూ కిందినుంచి పైకి వెళ్ళు. చాలామంది వేడి పైన తెలుస్తోంది కదా అని పైనుంచి మొదలుపెట్టి హెడ్డు విప్పేస్తారు. ఉప్పు పట్టిన బోల్టులు విరుగుతాయి, ఉన్న రోగానికి ఇంకో రోగం తోడవుతుంది. తీరా చూస్తే కింద చీలికల మీద ప్లాస్టిక్ సంచి అతుక్కుని ఉంటుంది.

నా సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు అంతర్వేది మొగలోంచి వేట ముగించుకుని లోపలికి వస్తున్నాం. వశిష్ఠ పాయ నిండా వరద తెచ్చిన ఎర్రనీరు. ధార సన్నబడింది. పక్కనున్న మా బావమరిది ఆపుదామన్నాడు. రేవు కనపడుతూనే ఉంది, ఇంకో పావుగంటలో చేరిపోతాం అని నేను వినలేదు. కాసేపటికి మోటారు చప్పుడు బరువెక్కింది, మూలుగుతున్నట్టు అయింది. తర్వాత రంగు మాడిన వాసన. తర్వాత ఒక్క దెబ్బకి ఆగిపోయింది. తాడు లాగితే అంగుళం కూడా కదలలేదు. అప్పుడే పాటు మొదలైంది, నీళ్ళు మమ్మల్ని మళ్ళీ సముద్రం వైపే లాగుతున్నాయి. లంగరు రెండుసార్లు వేస్తే జారిపోయింది, మూడోసారి పట్టింది. చీకటి పడ్డాక వేరే బోటు వాళ్ళు తాడు కట్టి ఒడ్డుకి లాగారు. అప్పటిదాకా మీ అత్త ఒడ్డున నిలబడే ఉంది. అప్పటికి పెళ్ళై ఏడాది కూడా కాలేదు. ఆ రోజు ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది.

పిస్టన్ సిలిండర్ గోడకి పట్టేసింది. ఆ సీజనంతా మోటారు షెడ్డులోనే. విప్పి చూస్తే ఇంపెల్లర్ బాగానే ఉంది, అంతకుముందు ఏడాదే మార్పించాం. కానీ పైకెళ్ళే గొట్టం వంపులో పాత ఇంపెల్లర్ రెక్క ముక్కలు రెండు ఇరుక్కుని ఉన్నాయి. మార్చిన మెకానిక్ కొత్తది పెట్టాడు, పాతదానిలో తెగిన రెక్కలు ఎటుపోయాయో వెతకలేదు. అవి ఏడాదంతా లోపలే తిరిగి తిరిగి ఆ రోజు అడ్డం పడ్డాయి. తప్పు అతనిదొక్కడిదే కాదు. ధార చెప్పింది, బావమరిది చెప్పాడు, నేనే వినలేదు.

అందుకని ముందుగా నీళ్ళ మీద ఉన్నప్పుడు ఏం చెయ్యాలో రాస్తాను. ధార సన్నబడినా, ఆగినా, ఆవిరిలా వచ్చినా వెంటనే జోరు తగ్గించు. అలల్లోనో మొగలోనో ఉంటే ముందు లంగరు చేతిలోకి తీసుకుని, ఆ తర్వాత మోటారు ఆపు. మొగలో పాటు సమయంలో మోటారు ఆగిన బోటు ఎటు పోతుందో నీకు వేరే చెప్పక్కర్లేదు. మోటారు పైకెత్తి చీలికలు చూడు. సంచో, వల ముక్కో, గుర్రపు డెక్క వేర్లో ఉంటే చేత్తో తీసెయ్. ఎత్తడానికి వీలు లేకపోతే రివర్స్ గేరులో ఓ నాలుగు సెకన్లు మెల్లగా తిప్పి ఆపితే సంచులు చాలాసార్లు వాటంతటవే ఊడిపోతాయి. మోటారు బాగా వేడెక్కి ఉంటే అరగంట ఊరుకో. చల్లార్చాలని చెంబుతో నీళ్ళు హెడ్డు మీద పొయ్యకు. కాలిన మూకుడు మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో అదే అవుతుంది, హెడ్డు వంగుతుంది, పగిలినా పగులుతుంది. చల్లారాక స్టార్ట్ చేసి ధార చూడు. మళ్ళీ బలంగా వస్తే మెల్లగా వెనక్కి తిరిగి వచ్చెయ్. రాకపోతే తెడ్డు, గెడ, ఇంకో బోటు. మోటారు వద్దు.

ధార ఆగిన ప్రతిసారీ మోటారు కాలిపోతోందని కంగారు పడకు. రంధ్రం ఒక్కటే మూసుకుపోయి, లోపల నీళ్ళు చక్కగా తిరుగుతుండవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం 61 రోజులు మోటారు ఇంట్లోనో పాకలోనో ఊరికే ఉంటుంది కదా, ఆ రోజుల్లో కుమ్మరి పురుగు ఆ సన్న రంధ్రంలో మట్టితో గూడు కడుతుంది. జూన్ 15 తెల్లవారుజామున రేవులో కనీసం ఒక్క మోటారైనా ధార లేకుండా నిలబడుతుంది, అందరూ చుట్టూ చేరి టెన్షన్ పడతారు. మందపాటి తంగూసు, అదే నైలాన్ దారం, ముక్క రంధ్రంలో పెట్టి మెల్లగా తిప్పితే మట్టి రాలిపోతుంది. ఇనుప తీగ మాత్రం పొడవకు, లోపల రబ్బరు గొట్టం ఉంటే చిల్లు పడుతుంది.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది, అది ఇంకా ప్రమాదం. ధార బాగానే వస్తూ ఉండగా హెడ్డు కాలిపోవచ్చు. కొన్ని మోటార్లలో ధార నీళ్ళు థర్మోస్టాట్ దాకా వెళ్ళకముందే పక్కకి చీలి బయటికి వస్తాయి. పైన దారి మూసుకుపోయినా కింద ధార మాత్రం చూపిస్తూనే ఉంటుంది. అందుకే కన్ను ధార మీద ఉంచు, చేయి హెడ్డు మీద పెట్టి చూడు. సిలిండర్ హెడ్ మీద అరచేయి రెండు మూడు సెకన్లు ఉంచగలిగితే వేడి మామూలే. పెట్టగానే లాక్కోవాల్సి వస్తే, రెండు చుక్కల నీళ్ళు వేస్తే చుయ్యిమంటే, లెక్క తప్పినట్టే. వేడి చూసే గన్ కొనుక్కుంటే ఇంకా మంచిది, కానీ కరోనా రోజుల్లో నుదుటికి పెట్టినది పనికిరాదు, అది మనిషి ఒంటి వేడి వరకే చూపిస్తుంది. మెకానిక్‌లు వాడేది వేరే ఉంటుంది, అది అడుగు.

నీ మోటారుకి బజర్ ఉందో లేదో కూడా చూడు. పాత మోటారు అమ్మేటప్పుడు కొందరు బజర్ కూస్తుందని తీగ తెంపేస్తారు. చాలా మోటార్లలో హెడ్ మీద ఉన్న వేడి స్విచ్ తీగ విప్పి, తాళం ఆన్ చేసి, ఆ తీగని ఇంజను లోహానికి తాకిస్తే బజర్ కూయాలి. కూయకపోతే ముందు అది బాగు చేయించు. కూసే బజర్ మీద కోపం తెచ్చుకోకు.

ఇప్పుడు నీ మోటారు. మెల్లగా పోతే బాగుంది, జోరు పెంచితే వేడెక్కుతోంది అన్నావు. అంటే ఇంపెల్లర్ కొద్దిగా నీళ్ళు తోస్తోంది, జోరుకి కావలసినంత తొయ్యలేకపోతోంది. మూడు చోట్ల అనుమానం. నీళ్ళు లోపలికి వచ్చే చీలికలు సగం మూసుకుపోయి ఉండాలి, లేదా మోటారు మరీ పైకి ఉండి జోరులో గాలి పీలుస్తుండాలి, లేదా ఇంపెల్లర్ అరిగిపోయి ఉండాలి. మెల్లగా నిలబడ్డప్పుడే వేడెక్కి, జోరు పెంచితే తగ్గుతుందంటే మాత్రం నా అనుమానం థర్మోస్టాట్ మీదికో, నీటి ఒత్తిడి కోసం ఉండే చిన్న వాల్వ్ మీదికో పోయేది.

చీలికలు చూడటం తేలిక. మోటారు ఎత్తి, టార్చి పెట్టి, రెండు పక్కలా చూడు. ఉప్పునీళ్ళలో నిలబడ్డ మోటార్లకి లోపలి వైపు చిన్న చిన్న గుల్లలు అంటుకుంటాయి, బయటికి జల్లెడ శుభ్రంగానే కనిపిస్తుంది. జల్లెడ విప్పి లోపల గోకాలి.

మోటారు ఎత్తు సంగతి. ప్రొపెల్లర్ పైన వెడల్పాటి పలక ఉంటుంది చూశావా, అది బోటు అడుగుకి సమానంగా గానీ కాస్త కిందగా గానీ ఉండాలి. పైకి ఉంటే జోరులో గాలి తాగుతుంది. సరుకు ఎక్కడ పెడుతున్నావో కూడా గమనించు. వలలూ చేపల పెట్టెలూ అన్నీ ముందుకి పెడితే వెనక లేస్తుంది, మోటారు లేస్తుంది, నీళ్ళ బదులు నురగ పీలుస్తుంది. లోతు లేని చోట మోటారు ఎత్తి నడపడం మనందరి అలవాటు. కోరింగ మడ అడవుల్లో పాటు సమయంలో వేరే దారి లేదు, నాకు తెలుసు. కానీ చీలికలు నీళ్ళలో ఉండేంత వరకే ఎత్తు, ఇసుక మేట మీద అడుగు రాసుకుంటుంటే ఆపేసి గెడ వేసి తోసుకో.

ఈ రెండూ బాగుంటే ఇక ఇంపెల్లరే. నాకైతే అదేనని అనిపిస్తోంది. పాత మోటారు కొన్నవాడు మొదట మార్చాల్సింది అదే, ఎవరు ఎప్పుడు మార్చారో మనకి తెలియదు కాబట్టి. ఉప్పునీళ్ళలో, ఇసుకలో తిరిగే మోటారుకి ఏడాదికోసారి కొత్తది వేసెయ్, పాతది బాగున్నా సరే. వేట నిషేధం రోజులు దానికే ఉన్నాయనుకో.

మార్చేటప్పుడు ముందు ప్లగ్గుల తీగలు ఊడదియ్. ప్రొపెల్లర్ తిప్పుతుంటే మోటారు స్టార్ట్ అయిందంటే వేళ్ళు పోతాయి. గేరు మార్చే కడ్డీ పైకీ కిందికీ కలిసే చోట నట్టు ఉంటుంది, అది విప్పు. తర్వాత గేర్ బాక్స్ పట్టి ఉంచే బోల్టులు. ఒకటి ప్రొపెల్లర్ పైనున్న చిన్న తోక రెక్క చాటున దాగి ఉండొచ్చు, అది విప్పకుండా సుత్తితో కొట్టి లోహం పగలగొట్టినవాళ్ళున్నారు. బోల్టు బిగుసుకుపోయి ఉంటే తుప్పు వదిలే నూనె పోసి రాత్రంతా వదిలెయ్, పొద్దున్నే పానా వెయ్. గేర్ బాక్స్ తిన్నగా కిందికి దించి, శుభ్రమైన గుడ్డ మీద పెట్టు. పంపు గిన్నె బోల్టులు విప్పి గిన్నె పైకి లాగితే ఇంపెల్లర్ కనిపిస్తుంది.

ఇక్కడ తొందరపడకు. పాత ఇంపెల్లర్‌ని చేతిలో పెట్టుకుని వెలుతురులో తిప్పి చూడు. మంచి రబ్బరు రెక్క వేలితో వంచితే వెంటనే నిటారుగా వచ్చేస్తుంది. అరిగినది గాలివానకి పడిపోయిన వరి చేనులా ఒకే వైపు వాలి ఉంటుంది, లేపినా లేవదు. రెక్క మొదలు దగ్గర గోరుతో విప్పి చూస్తే వెంట్రుక సన్నని పగుళ్ళు కనిపిస్తాయి. రెక్క చివర్లు మెరుస్తూ, నున్నగా, గట్టిగా ఉంటే అది పొడిగా తిరిగి కాలిందని అర్థం. అంటే ఎవరో ఒడ్డు మీద నీళ్ళు లేకుండా మోటారు స్టార్ట్ చేసి చూపించారు. పాత మోటారు కొనేటప్పుడు ఒక్క అర నిమిషం స్టార్ట్ చేసి చూపించండి అని అడగడం, వాళ్ళు నేల మీదే చూపించడం మామూలే. ఆ అర నిమిషానికే రబ్బరు మాడుతుంది.

రెక్కలు లెక్కపెట్టు. ఒక్కటి తక్కువైనా, ఒక్క మూల తెగినా, ఆ ముక్క దొరికేదాకా కొత్తది బిగించకు. విరిగిన కుండ పెంకులు పేర్చినట్టు గుడ్డ మీద ముక్కలన్నీ పేర్చి చూడు. లెక్క తగ్గితే పైకెళ్ళే గొట్టం విప్పి ఊదు, థర్మోస్టాట్ దగ్గర వెతుకు. నా సీజన్ మింగినవి ఆ రెండు ముక్కలే.

గిన్నె లోపలి గోడ మీద వేలు తిప్పు. గోరు తగిలే గీతలుంటే ఇంపెల్లర్ ఒక్కటీ మారిస్తే లాభం లేదు, గిన్నె, కింద పలక, నీళ్ళు కారకుండా మధ్యలో పెట్టే గాస్కెట్ అన్నీ కిట్టుగా మార్చు. కొత్త రబ్బరు ఆ గీతల్లో నీళ్ళు వదిలేస్తూనే ఉంటుంది. ఇంపెల్లర్‌ని షాఫ్టుతో కలిపి తిప్పే చిన్న లోహపు ముక్క, కీ అంటారు, కిందపడి ఇసుకలో కలిసిపోతే దొరకదు, జాగ్రత్త. రెండు మూడు వందలు మిగులుతాయని ఎక్కడో దుమ్ము పట్టి ఏళ్ళ తరబడి ఉన్న సరుకు కొనకు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది.

బిగించేటప్పుడు రబ్బరుకి గ్రీజు రాయకు, సబ్బు నీళ్ళు చాలు. షాఫ్టుని పైనుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే వైపుకి మెల్లగా తిప్పుతూ గిన్నె కిందికి నొక్కు, రెక్కలు సరైన వైపుకి వాలతాయి. మన దగ్గర తిరిగే మోటార్లలో చాలావరకు షాఫ్టు ఆ వైపే తిరుగుతుంది. ఆ తర్వాత దాన్ని వెనక్కి తిప్పకు. షాఫ్టు పళ్ళకి గ్రీజు రాయి, కానీ కొన మీద ముద్దగా పెట్టకు, పైన కూర్చోనివ్వదు. గేర్ బాక్స్ మళ్ళీ పైకి ఎక్కించేటప్పుడు నీళ్ళ గొట్టం కింది కొన పంపు మీదున్న రబ్బరు చుట్టులో సరిగ్గా దిగిందో లేదో టార్చి వేసి చూడు. అది పక్కకి తప్పితే బోల్టులన్నీ చక్కగానే బిగుస్తాయి, బయటికి ఏ లోపమూ తెలియదు, నీళ్ళు మాత్రం పైకెక్కకుండా పక్కకే పోతాయి. కొత్త ఇంపెల్లర్ వేశాక కూడా వేడెక్కుతోందని వచ్చేవాళ్ళలో చాలామందికి ఇదే.

థర్మోస్టాట్ చూడటం వంటింటి పని. విప్పి దారానికి కట్టి, గిన్నెలో నీళ్ళలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టు, అడుగు తాకనివ్వకు. పక్కన థర్మామీటర్. దాని మీద ముద్రించిన అంకె దగ్గరికి నీళ్ళు వేడెక్కగానే అది తెరుచుకోవాలి. రెండు స్ట్రోకుల మోటార్లలో ఎక్కువగా 50 డిగ్రీల అటూ ఇటూ, నాలుగు స్ట్రోకుల వాటిలో 60 దాకా ఉంటుంది. కారులో 80 దాటి ఉంటుంది, మనకి అంత తక్కువ ఎందుకంటే ఉప్పునీళ్ళు మరీ వేడెక్కితే ఉప్పూ సున్నమూ గోడలకి గట్టిగా పేరుకుంటాయి. తెరుచుకోకపోతే కొత్తది కొను. పీకి పారెయ్యకు. చాలామంది పీకేసి, ఇప్పుడు చల్లగా నడుస్తోందని సంబరపడతారు. చల్లగా నడిచే మోటారు పెట్రోలు సరిగా కాల్చదు, మసి పడుతుంది, పిస్టన్ త్వరగా అరుగుతుంది.

ఇవన్నీ చూశాక కూడా వేడి తగ్గకపోతే బ్లాక్ లోపలి దారుల్లో ఉప్పు, బురద మేట వేసినట్టు. లీటరు సముద్రపు నీళ్ళలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మొగ దగ్గర గోదారి కలిసి కొంచెం తగ్గుతుందేమో కానీ వేట నుంచి వచ్చాక మోటారుని అలాగే ఎండకి వదిలేస్తే లోపల ఉన్న నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. రోజూ కొంచెం, కొంచెం. పలచని పొరైతే వెనిగర్ కలిపిన నీళ్ళు కాసేపు తిప్పి, తర్వాత మంచినీళ్ళతో బాగా కడిగితే కరుగుతుంది. బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం ఎవరు చెప్పినా పొయ్యకు. అది ఉప్పుకంటే ముందు అల్యూమినియాన్ని తినేస్తుంది. మేట గట్టిదైతే హెడ్డు తీయాల్సిందే, అది మాత్రం చెయ్యి తిరిగిన మెకానిక్ దగ్గరే. ప్లగ్గులు తీసి చూసినప్పుడు తడిగా, తుప్పు రంగులో ఉంటే గాస్కెట్ పోయి నీళ్ళు సిలిండర్‌లోకి వస్తున్నాయి. అప్పుడు ఒక్క రోజు కూడా నడపకు.

రోజూ కడగడం అలవాటు చేసుకో. గేర్ బాక్స్ పక్కల ఉన్న చీలికలకి హెడ్‌ఫోన్లలా పట్టే రెండు రబ్బరు కప్పులు దొరుకుతాయి, పైపు పెట్టి నీళ్ళు వదిలాకే స్టార్ట్ చెయ్యాలి. అవి లేకపోతే ప్లాస్టిక్ డ్రమ్ము చాలు. ప్రొపెల్లర్ విప్పి, ఆ వెడల్పాటి పలక మునిగేంత నీళ్ళు పోసి, న్యూట్రల్లో మెల్లగా పది నిమిషాలు తిప్పు. నీళ్ళు వెచ్చబడి థర్మోస్టాట్ తెరుచుకున్నాకే పైదాకా కడిగినట్టు లెక్క, రెండు నిమిషాలకే ఆపేస్తే సగం కడిగినట్టు. సముద్రం ఒడ్డు ఊళ్ళలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పే, నోట్లో వేసుకుని చూసి పొయ్యి. కడిగాక మోటారు నిటారుగా నిలబెట్టి నీళ్ళన్నీ దిగనివ్వు, వెంటనే పడుకోబెట్టకు.

ఎర్రనీరు రోజుల్లో ఇంకా జాగ్రత్త. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి చేరి, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు వదిలినప్పుడు లంకల్లో మనుషుల్ని దాటించడానికి మా రేవు బోట్లు కూడా వెళ్ళాయి. తిరిగొచ్చాక నేను విప్పిన మోటారు పంపు గిన్నెలో మెత్తని ఒండ్రు అన్నం మెతుకుల్లా అడుగంటి ఉంది, కొత్త ఇంపెల్లర్ రెక్కల అంచులు ఆకురాయి పెట్టి రుద్దినట్టు అరిగిపోయాయి. ఆ నెలల్లో కడగడం ఒక్క రోజు కూడా మానకు. గుర్రపు డెక్క గుంపులు కొట్టుకొస్తుంటాయి, దాని మీదుగా పోకుండా చుట్టూ తిరిగిపో.

బోటులో ఒక డబ్బా పెట్టుకో. స్పేర్ ఇంపెల్లర్, దాని కీ, గాస్కెట్, సరిపోయే పానాలు, తంగూసు ముక్క, టార్చి, రెండు ప్లగ్గులు. డబ్బాకి మూత గట్టిగా ఉండాలి.

శనివారం పొద్దున్నే బయల్దేరి అమలాపురం మీదుగా వస్తాను, మధ్యాహ్నానికి మీ ఇంట్లో ఉంటాను. ఈలోగా చీలికలు, మోటారు ఎత్తు చూసి ఏం కనిపించిందో ఫోన్ చెయ్. గేర్ బాక్స్ నేను వచ్చాకే విప్పుదాం. మొదటిసారి ఇద్దరం కలిసి చేద్దాం, తర్వాత నువ్వే చేసుకుంటావు. మోటారు నంబర్ ఉన్న ప్లేటు ఫోటో తీసి పంపు, దానికి సరిపోయే కిట్టు నేనే తెస్తాను. బోల్టులకి శుక్రవారం రాత్రే నూనె పోసి ఉంచు, డ్రమ్ము మంచినీళ్ళతో నింపి ఉంచు. అమ్మకి మాత్రం ఈ పూటే చెప్పు, శనివారం దాకా మొగ దాటనని. నీ నోటితో వింటే ఆవిడ నిద్రపోతుంది.

ఇట్లు,
మావయ్య